పైడిరాజు నిలబడిన చోటు

1968 జూన్‌లో, తొలకరి పడ్డ వారంలో, విజయనగరానికి దగ్గర్లోని ఒక జనపనార మిల్లులో లేబర్ వెల్ఫేర్ ఆఫీసరుగా చేరాను. మిల్లు పేరు చెప్పను. అందులో పనిచేసినవాళ్ళ పిల్లలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

ఈ ఉద్యోగం ఏమిటో బయటివాళ్ళకి పెద్దగా తెలియదు. కార్మికులు ఎక్కువగా ఉన్న ఫ్యాక్టరీలో ఇలాంటి ఆఫీసరు ఒకడు ఉండి తీరాలని చట్టం. కాంటీన్ అన్నంలో రాళ్ళు వచ్చినా, పసిపిల్లల గదిలో ఊయల తాడు తెగినా, కుళాయిలో నీళ్ళు రాకపోయినా మా దగ్గరికే వస్తారు. హోదా ఆఫీసరుదే గాని మా హుకుం ఎవడూ వినడు. మేము చేయగలిగిందల్లా ఫ్యాక్టరీ సూపరింటెండెంటుకి నోటు రాయడం. నోటు అంటే నాలుగు పేరాలు: సంగతి, విచారణ, కారణం, సిఫారసు. కింద సంతకం. నోటు శుభ్రంగా రాస్తానని అప్పటికే నాకు కొంచెం గర్వం ఉండేది.

ఆటల క్లబ్బు కూడా మా కిందే. ఆ రోజుల్లో మా వైపు మిల్లుల్లో బాల్ బ్యాడ్మింటన్ అంటే పిచ్చి. పసుప్పచ్చ ఊలు బంతి, చెక్క రాకెట్, జట్టుకి అయిదుగురు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, నడుమ ఒకడు. ఆ నడిమివాణ్ణి సెంటర్ అంటారు. బంతుల్లో సగం వాడి మీదికే వస్తాయి. మా జట్టు ఒకప్పుడు చుట్టుపక్కల మిల్లులన్నిటినీ మట్టి కరిపించిందట. నేను చేరేనాటికి మాత్రం ఎనిమిది నెలలుగా ఒక్క ఆటా గెలవలేదు.

ఎప్పటినుంచి ఓడుతున్నారో అందరికీ తెలుసు. పన్నెండేళ్ళుగా సెంటర్ ఆడిన పైడిరాజు కిందటి కార్తీకంలో, తుఫాను వరదకి చంపావతి దాటుతూ కొట్టుకుపోయాడు. ఏరు సముద్రంలో కలిసే కోనాడ దాకా పడవలవాళ్ళు వెతికినా శవం దొరకలేదు. ఇంటివాళ్ళు దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారు. అతని చోట ఆడడానికి వచ్చిన ఇద్దరు నెల తిరక్కుండానే మాకొద్దని వెళ్ళిపోయారు. నేను చూసింది మూడోవాణ్ణి, మగ్గాల ఖాతాలో, అంటే నేత విభాగంలో పనిచేసే సింహాద్రిని. మిగతా నలుగురూ పాతవాళ్ళే. వాళ్ళ కెప్టెన్ సత్యం.

జట్టు మేనేజరు అప్పలస్వామి. స్పిన్నింగులో సర్దారు, అంటే ఒక వరస మనుషుల మీద పెద్ద. యాభై ఏళ్ళుంటాయి. మేనేజరుగిరీకి జీతం లేదు గాని స్పోర్ట్స్ పాసు ఉండేది. ఆ చీటీ ఉంటే మధ్యాహ్నం మూడింటికే ఖాతాలోంచి బయటపడి గ్రౌండుకి పోవచ్చు. నార దుమ్ముకి అతని ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతిన్నాయి. రోజూ ఆ రెండు గంటలు గాలిలో ఉంటున్నాడు కాబట్టే మనిషి నిలబడ్డాడని మా డిస్పెన్సరీ డాక్టరు నాతో స్పష్టంగా చెప్పాడు. ఆ మాట నేను మరిచిపోయానని ఇప్పుడు చెప్పుకోలేను. మరవలేదు.

ఆగస్టులో సూపరింటెండెంటు పిలిచాడు. జనవరిలో మిల్లుల టోర్నమెంటు ఉంది, ఈసారి పరువు పోకూడదు. మేనేజర్ని తీసేయాలా, లేక జట్టు మొత్తం రద్దుచేసి కొత్తవాళ్ళతో మొదటినుంచీ కట్టుకోవాలా, ఏదో ఒకటి రాసివ్వమన్నాడు. మూడో దారి అడగలేదు. నేనూ వెతకలేదు.

వారం రోజులు గ్రౌండు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బంతి నడిమికి వచ్చినప్పుడల్లా అప్పలస్వామి గీత అవతలినుంచి కేక వేసేవాడు, "పైడీ!" అని. పెద్ద గొంతు. కూలీల ఇళ్ళ వరసల దాకా వినబడేది. కేక పడ్డాక ఒక క్షణం ఎవరూ కదిలేవారు కాదు. తరవాత ఎవడో ఒకడు ఉలిక్కిపడి ఉరికేవాడు. సగం సార్లు బంతి అప్పటికే నేల మీద ఉండేది. చచ్చిపోయినవాడి పేరు అలా పట్టపగలు, పది మందిలో, గట్టిగా పిలుస్తుంటే నాకు ఒళ్ళు జలదరించేది.

ఇంకొకటి చూశాను. రోజూ ఆటకి ముందు కోర్టుకి నీళ్ళు చల్లి, రోలరు లాగి, సున్నం గీతలు వేసేవారు. ఆట అయ్యేసరికి నేలంతా అడుగులే. నడుమ మాత్రం, ఒక చాప పరిచినంత మేర, ఒక్క అడుగూ ఉండేది కాదు. రోలరు లాగిన నునుపు అలాగే ఉండేది. సింహాద్రి మడమల గుర్తులు ఆ చాప అంచు దాకా వచ్చి ఆగిపోయేవి. సరిగ్గా నిలబడవేమని అడిగితే, "అక్కడ నిలబడితే ఎవులో ఎనకనించి ఊపిరి ఇడిసినట్టుంటాది బాబూ," అన్నాడు.

నాకంతా తేటతెల్లంగా అర్థమైందనుకున్నాను. మేనేజరు చచ్చిపోయినవాణ్ణి వదల్లేక పేరు పిలుస్తున్నాడు, అది విని బతికున్నవాళ్ళు బెదిరిపోతున్నారు. అప్పలస్వామిని ఆఫీసుకి పిలిపించి, ఆ కేక ఎందుకని అడిగాను. అతను చేతులు కట్టుకుని నిలబడి, "కేకెయ్యాల బాబూ. కేకెయ్యకపోతే అవదు," అన్నాడు. మానేస్తావా అంటే తల అడ్డంగా ఊపాడు. నాకు కోపం వచ్చింది. జట్టులో ఎవర్నీ అడగలేదు. సర్దారు మీద అతని కిందివాళ్ళ వాంగ్మూలం తీసుకోవడం మిల్లు మర్యాద కాదు. నాలుగు పేరాలూ రాసి సంతకం పెట్టాను. సిఫారసు: మేనేజర్ని తొలగించి, స్పోర్ట్స్ పాసు వాపసు తీసుకోవలెను.

సెప్టెంబరు మొదట్లో ఆర్డరు వచ్చింది. అప్పలస్వామి పాసు తెచ్చి నా బల్ల మీద పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. విజయనగరంలో ఒక హైస్కూలు డ్రిల్లు మాస్టార్ని సాయంత్రాలు వచ్చి నేర్పేట్టు మాట్లాడాను. సమస్య తేలిపోయిందని చేతులు దులుపుకున్నాను కూడా.

కొత్త మాస్టారి మొదటి రోజు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. సాయంత్రం నాలుగున్నర, మంచి ఎండ. కేకలు లేవు. గ్రౌండు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. అవతలినుంచి బంతి నడిమికి వచ్చింది. సింహాద్రి అందుకోలేకపోయాడు. బంతి ఆ నునుపు చోట పడి, కాస్త దొర్లి, ఆగింది. అప్పుడు పాతవాళ్ళు నలుగురి తలలూ ఒక్కసారి పైకి లేచి, వల మీదుగా అవతలి కోర్టు మూలకి తిరిగాయి. ఎవడో బలంగా కొట్టిన బంతి ఎటు పోయిందో చూసినట్టు. అక్కడ బంతి లేదు. ముందు వరసవాడు రాకెట్ ఎత్తి, తిరిగి రాబోయే బంతి కోసం కాచుకుని నిలబడ్డాడు. బంతి వాడి వెనకాలే నేల మీద పడి ఉంది.

డ్రిల్లు మాస్టారు నావంక చూశాడు. నేను అతనివంక చూశాను. అది ఒక్కసారి కాదు, ఆ సాయంత్రం చాలాసార్లు జరిగింది. మూడో రోజుకి ఆ మాస్టారు ఒంట్లో బాగులేదని కబురుపెట్టి మానుకున్నాడు.

చేయాల్సిన విచారణ అప్పుడు చేశాను. సత్యాన్ని ఆఫీసుకి కాదు, గ్రౌండు గట్టు మీదికే పిలిచి పక్కన కూర్చోమన్నాను. అప్పుడు చెప్పాడు. ఆ జట్టులో మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. బంతి ఎవడిదో వాడి పేరు మేనేజరు పిలవాలి. వాడు "ఆఁ" అని పలికితే మిగతావాళ్ళు తప్పుకోవాలి. పలక్కపోతే దగ్గరున్నవాడు పోవాలి.

"పన్నెండేళ్ళు ఆడు పలికినాడు బాబూ," అన్నాడు సత్యం. "ఇప్పుడూ ఆడక్కడే ఉన్నట్టుంటాది మాకు. బంతొస్తే ఆడు కొట్టేసినాడనే అనిపిస్తాది. అప్పలసామి మావ కేకేస్తే జవాబు రాదు గదా. జవాబు రాపోతే అప్పుడు తెలుస్తాది, ఆడు లేడని. అప్పుడు కాళ్ళు కదుల్తాయి."

సింహాద్రి పేరే పిలవచ్చు కదా అన్నాను.

"సింహాద్రంటే సింహాద్రి ఎల్తాడు. మా నలుగురి నడుమా పైడిగాడు నిలబడే ఉంటాడు. ముందు ఆడ్ని కదపాల గదా."

నేను లేచి ఆఫీసుకి పోయి పాత స్కోర్లు తీసి చూశాను. ఇరవై తొమ్మిది పాయింట్ల ఆటలో పైడిరాజు పోయిన కొత్తలో మావాళ్ళు పది దాటలేదు. ఆర్డరు రాకముందు ఆఖరి రెండు ఆటల్లో ఇరవై దాటారు. నోటు రాసిన రోజు ఆ కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి. ఓడారా గెలిచారా అన్నదే చూశాను. బుద్ధి లేకపోతే సరి.

తొలగింపు రద్దు చేయమని సూపరింటెండెంటుని అడిగాను. ఆయన నా నోటే నాకు చదివి వినిపించాడు. కారణం అన్న పేరాలో మీరే ఇంత బాగా రాశాక ఇంకేం చేస్తామన్నాడు. చివరికి, డాక్టరు కాగితం ఉంటే అప్పలస్వామి సాయంత్రాలు గ్రౌండులో కూర్చోవడానికి అభ్యంతరం లేదని మాత్రం ఒప్పుకున్నాడు. ఆ కాగితం సంపాదించేసరికి అక్టోబరు నెలాఖరయింది.

ఆ కాగితం పట్టుకుని స్పిన్నింగులో అప్పలస్వామి దగ్గరికి వెళ్ళాను. దుమ్ములో నిండా ఎనిమిది గంటల షిఫ్టు, ఏడు వారాలు. మనిషి సగమయ్యాడు. నా తప్పేనని చెప్పాను. "మీకేటి తెలుస్తాది బాబూ, కొత్తోరు," అన్నాడు. ఆ దయ నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

గ్రౌండుకి తీసుకొచ్చి కుర్చీ వేశాను. బంతి నడిమికి వచ్చింది. అప్పలస్వామి ముందుకి వంగి నోరు తెరిచాడు. గొంతు రాలేదు. దగ్గు వచ్చింది, ఆగకుండా. కోర్టులో నలుగురూ అతనివైపు చెవి పెట్టి నిలబడ్డారు. బంతి పడింది. తలలు వలమీదుగా తిరిగాయి. ఆ గొంతు పోగొట్టింది నేనే.

రెండో బంతికి అప్పలస్వామి చూపుడువేలు ఎత్తి నావైపు చూశాడు. ఏం చేయమంటున్నాడో తెలిసింది. సిగ్గు విడిచి, "పైడీ!" అని అరిచాను. పలుకు రాలేదు. సత్యం ఉలిక్కిపడి ఉరికి బంతి కొట్టాడు.

ఆనాటినుంచి రోజూ అతను వేలెత్తడం, నేను అరవడం. వెల్ఫేర్ ఆఫీసరుకి దెయ్యం పట్టిందని కాంటీన్లో చెప్పుకున్నారు. నాలుగో రోజు ఒక ముసలావిడ కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. పైడిరాజు తల్లి. "అప్పలసామి గొంతయితే ఎరుగుదును. ఈ కొత్త గొంతెవులిది?" అంది. నాదేనమ్మా, మానేయమంటే మానేస్తానన్నాను. ఆమె కోర్టు నడిమివైపు చాలాసేపు చూసింది.

"పిలండి బాబూ. పలికితే నాకు కబురెట్టండి," అని వెళ్ళిపోయింది.

ఆ తరవాత ప్రతి కేకకీ, జవాబు వస్తుందేమోనని నా వీపు చల్లబడేది. చదువుకున్నవాణ్ణి, అయినా భయపడ్డాను. డిసెంబరులో ఒక సాయంత్రం జవాబు వచ్చింది. "ఆఁ!" అని కోర్టు నడిమినుంచి, స్పష్టంగా. నలుగురూ రాళ్ళలా నిలబడిపోయారు. అప్పుడు సింహాద్రి ఆ నునుపు చోట రెండు కాళ్ళూ ఆనించి బంతి కొట్టాడు. పలికింది వాడే. ఎన్నాళ్ళని ఊరుకుంటాను, పేరు ఎవడిదైతేనేం, చోటు నాదే కదా అన్నాడు తరవాత.

అప్పలస్వామి ఎత్తిన వేలు దించేశాడు. "ఇంక పిలవకండి బాబూ. ఆడు ఎల్లిపోనాడు," అన్నాడు. ముసలావిడకి కబురు నేనే స్వయంగా వెళ్ళి చెప్పాను, పలికింది సింహాద్రి అని. "అలాగా," అంది. అంతే.

జనవరి టోర్నమెంటులో మావాళ్ళు రెండు ఆటలు గెలిచి మూడోది ఓడారు. టోర్నమెంటు పత్రంలో మేనేజరు పేరు దగ్గర, రెండు రోజులు వచ్చి మానేసిన డ్రిల్లు మాస్టారి పేరే అచ్చయింది. అప్పలస్వామిని గేటు పనికి మార్పించగలిగాను గాని ఊపిరి తిరిగి రాలేదు. 1970 వేసవిలో పోయాడు. నా నోటు తప్పని ఫైల్లో ఎక్కడా లేదు.

ఆ తరవాత ఇరవై రెండేళ్ళు ఉద్యోగం చేశాను. ఎవర్నయినా తొలగించమని రాసే ముందు, అతని కింద పనిచేసేవాళ్ళ దగ్గరికి నేనే వెళ్ళి, రేపటినుంచి ఇతను రాకపోతే మీకు ఏం ఆగిపోతుందని అడిగేవాణ్ణి. మిల్లు మర్యాద కాదని పైవాళ్ళు విసుక్కునేవారు. అయినా అడిగేవాణ్ణి. అప్పలస్వామి విషయంలో ఆ ప్రశ్న అడిగి ఉంటే పావుగంట పట్టేది.