గంట పక్క సీటు

అమెరికాలోని ఒమాహా ఊళ్ళో, మా వెబ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్త కస్టమరు చేరినప్పుడల్లా సేల్స్‌వాళ్ళు గోడకున్న ఇత్తడి గంట కొడతారు. అదేం ఘనకార్యమో! మానేసి పోయేవాళ్ళకు మాత్రం గంట లేదు, లొరెయిన్ ఉంది. ఏళ్ళ తరబడి ఆ గంట పక్కనే కూర్చుని ఫోన్లో వాళ్ళ తిట్లు తింటోంది. సీటు మార్చమంటే, "గంట మన విజయానికి గుర్తు, లొరెయిన్!" అంటాడు మేనేజరు.

మొన్న ఓ పళ్ళ డాక్టరు ఫోన్ చేశాడు. "మీ సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఒకే టైముకి ముగ్గురు పేషెంట్లను రమ్మందమ్మా! మీకో దణ్ణం, నా అకౌంటు మూసెయ్!" అని అరుస్తుండగానే గంట ఖంగుమంది. వెంటనే చప్పట్లు.

"ఏమిటా గోల?"

"ఎవరో కొత్త కస్టమరు చేరారండీ," అంది లొరెయిన్ నీరసంగా.

ఆయన అరుపు ఆగిపోయింది.

"అయ్యో పాపం! ఏ తల్లి కన్న బిడ్డో!"