నందిగామలో మోగిన సైరన్

అరవైల మొదట్లో నేను జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో పనిచేసేవాణ్ణి. రాయి పేల్చే ముందు అక్కడ సైరన్ మోగేది. అది వినగానే చేతిలో ఉన్నది వదిలేసి చాటుకు పరుగెత్తాలి. మా కాళ్ళకు ఆ పరుగు అలవాటైపోయింది.

ఒక ఆదివారం మా జట్టు నందిగామ రైసుమిల్లు ఆవరణలో అక్కడి కార్మికులతో చెడుగుడు ఆడింది. నేను కూత పెడుతూ వెళ్ళి ఇద్దర్ని తాకాను. సరిగ్గా అప్పుడే మిల్లులో నాలుగింటి సైరన్ మోగింది. అంతే, కూత ఆపేసి, పక్కనున్న ఎద్దుబండి కిందికి దూరాను. చూస్తే మా జట్టంతా అక్కడే ఉంది! జనం ఒకటే ఈలలు. సిగ్గుతో చచ్చిపోయాను.

రిఫరీ నన్ను అవుటన్నాడు. ఎదుటి జట్టు నాయకుడు వెంకయ్య, మిల్లులో బస్తాలు మోసే మనిషి, నవ్వకుండా నా దగ్గరికొచ్చాడు.

"ఏమైంది అన్నా, అట్టా పరుగెత్తారేంటి?"

చెప్పాను. వెంటనే రిఫరీ వైపు తిరిగాడు. "ఈ అవుటు మాకొద్దండి. మళ్ళీ కూతకు పంపించండి" అన్నాడు. తర్వాత గబగబా మిల్లులోకి వెళ్ళొచ్చాడు.

ఇన్నేళ్ళైనా ఆయనకు మనసులో దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. ఆ రోజు మేం ఓడిపోయాం. కానీ ఐదింటికి మోగాల్సిన సైరన్, మా ఆట ముగిసేదాకా మోగలేదు.