నాన్న నోరు వాసన చూసిన పూట

ఏక్‌బాల్‌పూర్‌లో మా తెలుగువాళ్ల సందు మొత్తానికి మా నాన్న ఒకప్పటి తాగుబోతని తెలుసు. ఆయనకు ఫిట్స్ వస్తాయని మాత్రం ఎవరికీ తెలియదు. తాగుడు మానేసి తొమ్మిదేళ్లయింది. ఫిట్స్ బిళ్లలు పొద్దునా సాయంత్రం తప్పకుండా వేసుకునేవాడు, అదీ తలుపు దగ్గరగా వేసుకుని. తాగుబోతు కూతురినంటే నాకేం చిన్నతనం లేదు, సందులో సగం మందిమి అంతే. మూర్ఛరోగి కూతురినంటేనే తల కొట్టేసినట్టుండేది.

కిందటి చలికాలం ఆయనకు దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. డిస్పెన్సరీకి నేనే తీసుకెళ్లాను. వేరే మందులేమైనా వాడుతున్నారా అని డాక్టర్ బెంగాలీలో అడిగాడు. మా వెనక బెంచీ మీద మా సందు ఆవిడ కూర్చుని ఉంది. వాళ్ల మేనల్లుడికి నన్ను అడుగుతున్నారు. "ఏమీ లేవు" అని నేనే చెప్పేశాను. నాన్న నా వైపొకసారి చూసి తల దించుకున్నాడు. డాక్టర్ యాంటీబయాటిక్ రాశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను కొళాయి దగ్గర బిందెతో నిలబడి ఉంటే, నాన్న టీ కొట్టు వైపు నుంచి గోడ పట్టుకుని వస్తున్నాడు. అడుగు తడబడుతోంది. మాట ముద్దగా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు. అబద్ధం, ఉంది. చూస్తున్నారు కాబట్టే ఇంకా గట్టిగా అరిచాను.

"మళ్లీ మొదలెట్టీసినావా? ఏదీ, నోరు తెరు."

"నేదమ్మా. తాగనేదు. అంతా రెండేసి కనబడతన్నాది."

"తెరు."

తెరిచాడు. అరవై ఏళ్ల మనిషి, అంతమంది ఆడవాళ్ల ముందు. దగ్గరికెళ్లి వాసన చూశాను. టీ వాసన, దగ్గు మందు వాసన, అంతే. అయినా ఏదో తాగే ఉంటాడని గొణుక్కుంటూ రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయాను. గడప దగ్గరే వాంతి చేసుకున్నాడు. అప్పుడు గాని నాకు భయం వేయలేదు.

ఆటోలో మళ్లీ అదే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఈసారి ఫిట్స్ బిళ్లల అట్ట బల్ల మీద పెట్టాను. చూడగానే ఆయన ముఖం మారిపోయింది. ఈ యాంటీబయాటిక్ తోడైతే ఆ బిళ్లల మందు ఒంట్లోంచి త్వరగా పోదట, రక్తంలో పేరుకుపోయి విషంలా పనిచేస్తుందట. యాంటీబయాటిక్ మార్చాడు. ఫిట్స్ బిళ్లలు మాత్రం సొంతంగా ఆపొద్దని, ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించి అక్కడ చెప్పినట్టే వేసుకోవాలని చీటీ రాసిచ్చాడు.

అప్పుడు అడిగాడు, మొన్న అడిగితే లేవన్నారెందుకని.

నాన్న రెండు చేతులూ జోడించాడు. "భూలే గేఛి, డాక్టర్‌బాబు" అన్నాడు, ఆ ముద్దమాటతోనే. తానే మర్చిపోయానని.

డాక్టర్ ఆయన్ను తిట్టాడు. చదువుకున్న కూతురు పక్కన ఉండగా ఇంత అజాగ్రత్త ఏమిటని, ప్రాణం మీదకు వచ్చేదని, చిన్నపిల్లాడిని తిట్టినట్టు తిట్టాడు. నాన్న ప్రతి మాటకూ తలూపాడు. ఆ తిట్లు నావి. పక్కనే నిలబడి అన్నీ విన్నాను, ఒక్కదానికీ అడ్డు రాలేదు.