కాళ్లు పట్టుకునే నర్సమ్మ

నా చిన్నప్పుడు మా బొగ్గుబాయి ఊరి దవాఖానలో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లనే ముందు చూసేవాళ్లు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా, అక్కడ అరవనిదే అయోడిన్ కూడా పెట్టేవాళ్లు కాదు. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు. ఒక డాక్టరు, ఒక నర్సమ్మ, ఒక కాంపౌండరు, వరండా నిండా జనం. ఎవరి గోడు చెవిన పడితే వాళ్ల దగ్గరికి పరుగెత్తేవాళ్లు పాపం. అందుకే మా క్వార్టర్లలో ఒక అలవాటు ఉండేది. ఎవరినైనా దవాఖానకు మోసుకుపోయేటప్పుడు గొంతున్న మనిషిని ఒకరిని వెంట తీసుకుపోయేవాళ్లు. మా లైనులో ఆ పని చివరింటి పెద్దమ్మది. ఆమె ఏడుపు అందుకుంటే బాయి సైరను సిగ్గుపడుతుందని మా బాపు అనేవాడు.

గనిని మా దిక్కు బాయి అంటారు, అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తారు. మాది ఆదిలాబాద్ జిల్లాలో, గోదావరికి ఈవలి ఒడ్డున ఉన్న బాయి ఊరు. ఒక ఇంట్లో హిందీ, ఒక ఇంట్లో మరాఠీ, మాలాగా పెద్దపల్లి దిక్కు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లవి కొన్ని ఇళ్లు. ఎదురు లైనులో నర్సమ్మ ఉండేది. బోథ్ దగ్గర వ్యవసాయం చేసుకునే క్రైస్తవుల ఇంటి పిల్ల, మిషన్ ఆస్పత్రిలో పని నేర్చుకుని వచ్చింది. తెల్లచీర, బిగించి ముడేసిన జుట్టు. ఆదివారం వాళ్లింట్లో పాటలు వినిపించేవి. మిగతా ఆరు రోజులూ ఆమె గొంతు ఎవరికీ వినిపించేది కాదు, అంత నెమ్మది.

నాకు తొమ్మిదేళ్లు. ఎండాకాలం, ఒంటిపూట బడులు. అవ్వ తన చెల్లెలి కాన్పుకని పెద్దపల్లికి పోయింది. ఇంట్లో నేనూ బాపే. మొదటి షిఫ్టు దిగి వచ్చేసరికి ఆయనకు స్నానానికి నీళ్లు తోడి పెట్టాలి, అదీ నా పని. ఆ రోజు నీళ్లు తోడుతుండగా సైరను మోగింది. వేళ కాని వేళ సైరను మోగితే ఎటు పరుగెత్తాలో మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చెంబు అక్కడే వదిలేసి నేనూ దవాఖానకు పరుగెత్తాను.

బాయి లోపల పట్టాల మీద బొగ్గు టబ్బులను లాగే ఇనుప తాడు తెగిందట. ముగ్గురిని తెచ్చారు. పెద్దమ్మ కొడుక్కి తల పగిలింది. ఇంకొకాయనకు కాలు విరిగి ఎముక బయటికి కనిపిస్తోంది. మా బాపు టబ్బుకూ బొగ్గు గోడకూ మధ్య నలిగాడని చెప్పారు గాని, చూస్తే ఒంటి మీద గీత లేదు. తన కాళ్ల మీద తానే నడిచి వచ్చి వరండా చివర చాప మీద పడుకున్నాడు. నర్సమ్మ దగ్గరికి వస్తే, “నాకేం కాలేదమ్మా. ముందుగాల గా పోరగాన్ని సూడుండ్రి,” అన్నాడు. మా బాపు అట్లాంటి మనిషి. బువ్వ దగ్గరైనా సరే, ఇంకొకరికి పెట్టాకే తన విస్తరి చూసుకునేవాడు.

అవతల పెద్దమ్మ ఆకాశం పడిపోయినట్టు ఏడుస్తోంది. ఈసారి ఏడుపు అరువుది కాదు, కన్నకొడుకు. ఆమెను తప్పు పట్టడానికి అప్పుడూ ఇప్పుడూ నాకు నోరు రాదు.

నేను బాపు పక్కన కూర్చున్నాను. పైన రేకులు. ఆ వేడికి నా తల మాడిపోతోంది. బాపు చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. కుండ పక్కన పెట్టిన తడిబట్టలాగా ఉంది. నేను ఆ చేతిని తీసి నా చెంపకు ఆనించుకున్నాను. హాయిగా అనిపించింది. ఒక చెంప అయ్యాక ఇంకో చెంపకు పెట్టుకున్నాను. ఇది నేను చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. బాపు నీళ్లడిగాడు, రెండు గుక్కలు తాపాను. తర్వాత కళ్లు మూసుకున్నాడు. అలసిపోయి నిద్రపోతున్నాడనుకున్నాను.

నర్సమ్మ చేతిలో రక్తపు నీళ్ల బేసినుతో లోపలికి పోతూ, వరండా ఆ చివర నుంచి అడిగింది.

“బాపు ఎట్లున్నడు బిడ్డా?”

“సల్లగున్నడు,” అన్నాను.

“సల్లగుంటే అంతే చాలు. జర కూసో, వస్తున్న,” అని లోపలికి పోయింది.

మా మాటలో ‘సల్లగ’ అంటే రెండు అర్థాలు. ఒళ్లు చల్లబడినా సల్లగే, మనిషి క్షేమంగా ఉన్నా సల్లగే. నేను చెప్పింది ఒకటి, ఆమెకు వినపడింది ఇంకొకటి. ఊళ్లో ఎవరిని అడిగినా ఆమెలాగే వినేవాళ్లు. ఎటొచ్చీ ఆ మాట చెప్పినప్పుడు నా చెయ్యి బాపు చేతి మీద ఉంది, ఆమె చెయ్యి బేసిను మీద ఉంది.

ఎంతసేపటికో డాక్టరూ ఆమే బయటికి వచ్చారు. ఆమె వంగి బాపు నుదుటి మీద చెయ్యి పెట్టింది. తీసి కాళ్ల మీద పెట్టింది. పొట్ట నొక్కి చూసి డాక్టరు, పెద్దాస్పత్రికి పోవాలి, జీపు తెమ్మని అరిచాడు. లోపల ఎక్కడో రక్తం కారిపోతోందట, పైకి చుక్క కనిపించకుండా. జీపులో నన్ను ఎక్కించుకోలేదు. వరండాలో సున్నం గోడ మీద ఎవరెవరివో బొగ్గు చేతుల ముద్రలు ఉన్నాయి, వాటిని చూస్తూ కూర్చున్నాను. జీపు ఊరి పొలిమేర దాటకముందే వెనక్కి తిరిగి వచ్చింది. అందులోంచి దిగినవాళ్లు నా వైపు చూడలేదు, దాంతో నాకు తెలిసిపోయింది.

మర్నాడు అవ్వ రైలు దిగి వచ్చింది. ఏమైంది, బాపు ఏమన్నాడు, నువ్వేం చేసినవని అందరూ నన్నే అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. మా మేనత్త, బాపుకు ఒక్కగానొక్క చెల్లెలు, గుండెలు బాదుకుంటూ, “సల్లగున్నడని ఎట్ల చెప్పినవే పోరీ? నీ నోట్లె మన్నువడ!” అంది. దుఃఖంలో అన్న మాట. దాన్ని ఆమె సాయంత్రానికే మరిచిపోయి ఉంటుంది. నేను మాత్రం ఆ రోజు నుంచి మాట్లాడటం మానేశాను. ఒట్టు పెట్టుకుని మానలేదు. నోటి నుంచి మాట బయటికి పోతే ఏమవుతుందో చూశాను కదా, అందుకని రాలేదు.

ఏడుపూ రాలేదు. పెట్టింది తిన్నాను, పడుకోమన్నచోట పడుకున్నాను. తిమ్మిరెక్కిన కాలును ముట్టుకుంటే ఎవరి కాలో ముట్టుకున్నట్టుంటుంది చూడండి, నాకు నేను అట్లా ఉన్నాను.

పదకొండో రోజు చుట్టాలంతా కూర్చుని ఉండగా నర్సమ్మ మా ఇంటికి వచ్చింది. ఎవరూ రమ్మనలేదు, కూర్చోమననూ లేదు. గోడకు ఆనుకుని ఉన్న నా దగ్గరికి వచ్చి నేల మీద కూర్చుని, నా రెండు కాళ్లూ పట్టుకుంది. ఇల్లంతా కలవరపడింది. పెద్దవాళ్లు చిన్నపిల్ల కాళ్లు పట్టుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మేనత్త గట్టిగా అరిచింది. నర్సమ్మ వదలలేదు.

“ఈ పిల్ల సరిగనే చెప్పింది,” అంది అందరికీ వినపడేటట్టు. “సల్లగున్నడని చెప్పింది. నాకు చెవులున్నయ్ గని, దగ్గరికి పోయి చెయ్యి పెట్టి సూడలే. తప్పు నాది, పిల్లది కాదు.”

“ముందే సూస్తే బతికెటోడా?” అని అవ్వ అడిగింది. ఆ పదకొండు రోజుల్లో అవ్వ నోరు తెరిచి అడిగిన ప్రశ్న అదొక్కటే.

“నాకు తెల్వదమ్మా. బతికెటోడేమో, బతకకపోవునేమో. సూడకపోవుడు మాత్రం నేను చేసిందే.”

“గిప్పుడొచ్చి చెప్తే మనిషి తిరిగొస్తడా?” అంది మేనత్త.

“రాడు,” అంది నర్సమ్మ. ఇంకాసేపు నా కాళ్లు పట్టుకుని కూర్చుని, లేచి వెళ్లిపోయింది. నాకు ఊరటగా ఉండాల్సింది. ఏమీ అనిపించలేదు. ఆమె చేతులు వేడిగా ఉన్నాయని మాత్రం గుర్తుంది. ఆ తర్వాత మేనత్త ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

బాపు పోయాక అవ్వకు పని ఇచ్చారు. ఏ పని? అదే దవాఖానలో ఆయా పని. పోనని రెండు రోజులు మొండికేసింది. క్వార్టరు ఖాళీ చేయాల్సి వస్తుందని తెలిశాక పోయింది. కోపం కడుపు నింపుతుందా?

అప్పటికే నర్సమ్మ ఆ దవాఖానలో ఒక కొత్త పద్ధతి పెట్టింది. ఎవరిని మోసుకొచ్చినా, నడిచొచ్చినా, చీటీ రాయకముందే, ఏమైందని అడగకముందే, వాళ్ల రెండు పాదాలూ పట్టుకుని చూసేది. లోపల రక్తం పోతుంటే ముందు చల్లబడేవి కాళ్లూ చేతులేనట. చేతులు బొగ్గు గీరుకుని దెబ్బలతో ఉంటాయి, పాదాలు త్వరగా అందుతాయని ఆమె లెక్క. జనం బెంబేలెత్తిపోయారు. తెల్లచీర కట్టిన నర్సమ్మ బొగ్గు మోసేవాళ్ల కాళ్లు పట్టుకోవడమేమిటి? “అయ్యో, వద్దమ్మా, పాపం తగుల్తది,” అని కాళ్లు ముడుచుకునేవాళ్లు. కాలు విరిగినవాడు కూడా ముడుచుకోబోయి కేకపెట్టేవాడు. ‘కాళ్లు పట్టుకునే నర్సమ్మ’ అని పేరు పెట్టారు. డాక్టరు సైతం, “ఏంది సిస్టర్, ఇది దవాఖాననా, గుడా?” అని ఎగతాళి చేశాడట. కొన్నాళ్లు పోయాక ఆయనే కాంపౌండరును పిలిచి నువ్వూ అట్లాగే చేయమన్నాడు. గుమ్మం పక్కన ఒక బల్ల వేయించారు. చల్లని కాళ్లవాళ్లను ఆ బల్ల మీద పడుకోబెట్టి ముందు లోపలికి తీసుకుపోవాలి, వాళ్లు అరిచినా అరవకపోయినా సరే. మండుటెండల్లో ఆ బల్ల మీద కంబళ్లు మడిచి పెట్టి ఉండటం చూసి కొత్తవాళ్లు నవ్వేవాళ్లు.

అవ్వకు కూడా ఆ పని నేర్పింది. అవ్వ నేర్చుకుంది గాని నర్సమ్మతో పనికి మించి ఒక్క మాట మాట్లాడేది కాదు. పిలవాల్సి వస్తే పిలవకుండా ఎదురుగా పోయి నిలబడేది.

వానాకాలంలో ఒకరోజు బడి విడిచాక అవ్వ కోసం దవాఖాన మెట్ల మీద కూర్చున్నాను. ఉట్నూరు దిక్కు అడవి నుంచి కట్టెలతో వస్తున్న లారీ బోల్తాపడి ఆరేడుగురిని తెచ్చారు. కట్టెల గుత్తేదారు చెవి తెగి నెత్తురు కారుతుంటే వరండా దద్దరిల్లేటట్టు అరుస్తున్నాడు. అవ్వ ఆయన పాదాలు ముట్టుకుని, “మంచిగున్నయ్, జర ఆగు,” అని ముందుకు పోయింది. ఆయనకు ఒళ్లు మండింది. “నా చెవి తెగిపోతే కాళ్లు వడుతవేందే?” అని వెంటపడ్డాడు. అవ్వ వినలేదు. ఒక్కొక్కరి కాళ్లూ పట్టుకుంటూ వెళ్లి, స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒక గోండు మనిషి దగ్గర ఆగింది. అతడికి తెలుగు అంతంతమాత్రం. ఎవరేం అడిగినా తల ఊపి కొంచెం నవ్వుతున్నాడు. ఒంటి మీద దెబ్బ లేదు.

అవ్వ అతని పాదాలు పట్టుకుంది. మళ్లీ పట్టుకుంది. అప్పుడు తలుపు వైపు తిరిగి ఒక్క కేక పెట్టింది.

“అక్కా! గీయన సల్లగున్నడు!”

లోపల పళ్లెం కింద పడిన చప్పుడు వినిపించింది. నర్సమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది, ఆమె వెనక డాక్టరు. అతన్ని ఎత్తి కంబళ్లు కప్పి, మొదటి జీపులో పెద్దాస్పత్రికి పంపారు. గుత్తేదారు అరుస్తూనే ఉన్నాడు.

జీపు పోయాక వాళ్లిద్దరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. అవ్వ ఆమెను ‘అక్కా’ అని పిలవడం నేను విన్నది అదే మొదలు.

నాలుగైదు రోజులకు కబురు వచ్చింది. పొయ్యి ముందు కూర్చుని అవ్వ నాతో, “గా గోండాయన బతికిండు,” అంది. అని ఏడ్చింది. అన్ని నెలలూ మూటగట్టి పెట్టుకున్నదంతా ఏడ్చింది. సంతోషించాలని నాకు తెలుసు, సంతోషం రాలేదు. “బాపు గూడ బతుకుతుండెనా అవ్వా?” అని అడిగాను. మాట మానేశాక నాకై నేను అడిగిన మొదటి మాట అది. “ఏమో బిడ్డా,” అంది. నా కాళ్లు లాక్కుని ఒడిలో పెట్టుకుని, “వెచ్చగున్నయ్,” అంది. అప్పుడు నేనూ బోరున ఏడ్చానని రాయాలని ఉంది. కాని ఏడవలేదు. ఆ ఒడిలోనే నిద్రపోయాను. బాపు పోయాక ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది ఆ రోజే.

నేను నర్సును కాలేదు, డాక్టరునూ కాలేదు. బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటి ఆస్పత్రుల్లో పోగానే వేలికి ఏదో క్లిప్పు తగిలిస్తారు, తెర మీద గీతలు పరుగెత్తుతాయి. మంచిదే, బాపు నాటికి అది ఉంటే ఎంత బాగుండేదో. అయినా మా వాళ్లెవరిని తీసుకుపోయినా, ఆ గీతలు ఒక పక్క పోతూనే ఉంటాయి, నా చెయ్యి దుప్పటి కింద వాళ్ల పాదాలు వెతుక్కుంటుంది. నర్సు పిల్లలు పక్కకు జరగమ్మా అంటారు. ఒక చెయ్యి అక్కడే ఉంచి జరుగుతాను.

పెళ్లిళ్లలో, పేరంటాల్లో పిల్లలు వంగి కాళ్లు మొక్కుతారు. నా ఈడువాళ్లందరూ “సల్లగుండు బిడ్డా” అని దీవిస్తారు. మా దిక్కు అంతకన్నా మంచి దీవెన లేదు. ఇన్నేళ్లయినా అది నా నోట రాదు. వంగిన పిల్లను లేపి, రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకుంటాను. కాసేపు అట్లాగే పట్టుకుంటాను. ముసలమ్మకు ప్రేమ ఎక్కువని వాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయని తెలిశాకే వదులుతాను.