రాయి లేని మన్ను

ఓర్వకల్లు దాటాక ఎడమకు మట్టిదారి. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలకు ట్రక్కు దిగాం. నీడలో నలభై నాలుగు డిగ్రీలు. ఆ నీడ కూడా ట్రక్కుదే. సైన్యంలో ఇంజనీర్ల దళం అంటే మందుపాతరలు, వంతెనలే అనుకుంటారు మనవాళ్లు. నా చివరి డ్యూటీ మాత్రం ఇది: కట్టబోయే గోదాము బరువును ఆ నేల మోస్తుందా లేదా తేల్చడం. స్తంభం వచ్చే చోటల్లా ఒకటి చొప్పున పన్నెండు రంధ్రాలు, ఆరు రోజులు. నాతో రిగ్గు నడిపే హవల్దారు, ఇద్దరు జవాన్లు, ఒక రేడియో.

రంధ్రం అడుగున ఇనుప గొట్టం నిలబెట్టి, అరవై మూడున్నర కిలోల దిమ్మెను డెబ్బై ఐదు సెంటీమీటర్ల పైనుంచి వదలాలి. గొట్టం పదిహేనేసి సెంటీమీటర్లు దిగడానికి పట్టిన దెబ్బలు మూడుసార్లు లెక్కపెట్టాలి. మొదటి పదిహేను సెంటీమీటర్లవి లెక్కలోకి రావు. తర్వాతి ముప్పైవి కలపాలి. ఎక్కువ దెబ్బలు పడితే గట్టి నేల. అక్కడ ఎక్కడా నలభైకి తగ్గలేదు. మన్నుకంటే రాళ్లే ఎక్కువ.

"మా అత్త మనసన్నా కరుగుతాదేమో గానీ ఈ నేల కరగదు మేడం," అన్నాడు హవల్దారు. అతనిది ఆదోని.

"మీ అత్తను తర్వాత తిట్టు. లెక్క తప్పుతుంది," అన్నాను.

రెండో రోజు నుంచి ఒకామె వచ్చి కూర్చునేది. ప్రభుత్వం తీసుకోకముందు ఆ చేను వాళ్లది. మూడో రోజు దగ్గరకొచ్చింది.

"అమ్మా, మా పాపను ఈ చేన్లోనే పెట్టినాం. మూడేండ్ల బిడ్డ. బుల్డోజరు చదును చేసినాక యాడ పెట్టినామో ఆనవాలు దొరకలే. మీరు తవ్వుతాండారు గదా. కనపడితే చెప్తారా?"

"మేం తవ్వేది జానెడు వెడల్పేనమ్మా. ఏమీ కనపడదు." నిజమే చెప్పాననుకున్నాను.

ఐదో రోజు, తొమ్మిదో రంధ్రం, మీటరు లోతు. రెండు. మూడు. మూడు. లెక్కలోకి వచ్చేవి ఆరు.

"తాడు జారిందేమో మేడం," అన్నాడు హవల్దారు.

మీటరు పక్కకు జరిపి మళ్లీ వేయించాను. నలభై ఒకటి. మొదట దింపిన గొట్టాన్ని నిలువునా రెండు చీలికలుగా విప్పాను. మెత్తటి ఎర్రమన్ను. ఒక్క రాయి లేదు.

ఆమె ఎప్పుడు లేచి వచ్చిందో చూడలేదు. చీలికలోని మన్నును వేళ్ల మధ్య నలిపి చూసింది.

"రాయి లేదు గదమ్మా?"

"లేదు."

"ఉండదు. మా ఆయన జల్లెడ పట్టి పోసినాడు, బిడ్డకు గుచ్చుకుంటాదని. పొద్దు పోతాండాది, కానీప్పా అని అందురూ అన్నా ఇన్లా."

హవల్దారు టోపీ తీశాడు.

నేను రేడియో అందుకున్నాను. "తొమ్మిదో రంధ్రం దగ్గర పసిబిడ్డ సమాధి ఉంది. స్తంభం జరపాలని నా సిఫారసు. ఓవర్."

ఇరవై నిమిషాలకు హెడ్‌క్వార్టర్స్ నుంచి జవాబు వచ్చింది. "స్తంభం జరగదు. మెత్తటి మన్ను తీసేసి కాంక్రీటు నింపుతారు. ఓవర్."

"తీసేముందు కుటుంబానికి చెప్పాలి. వాళ్ల చేతే తీయించాలి. ఓవర్."

"రాసుకున్నాం. అవుట్."

ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"కాంక్రీటంటే కంకరే గదమ్మా?" అని అడిగింది.

అవునన్నాను.

నమూనా మన్ను సంచిలో వేసి ప్రయోగశాలకు పంపాలి. దాన్ని ఆమె కొంగులో పోశాను. తొమ్మిదో నంబరు సంచి ఖాళీగానే వెళ్లింది. రంధ్రం పూడ్చడానికి జవాను పార ఎత్తితే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండప్పా, నేనేస్తా."

ఆ నెలాఖరుకు యూనిఫాం విడిచి రాజంపేట వచ్చేశాను. గోదాము లేచిందని హవల్దారు ఫోను చేశాడు. ఆ స్తంభం గురించి అతను చెప్పలేదు, నేను అడగలేదు.

కళ్ల ముందు నుంచి పోనిది ఒక్కటే. ఎర్రటి ఎండలో ఆమె మోకాళ్ల మీద కూర్చుని పిడికెడు మన్ను తీసుకుంటుంది. రాళ్లు ఏరి పక్కన పడేస్తుంది. మిగిలింది రంధ్రంలోకి జారవిడుస్తుంది. మళ్లీ పిడికెడు. కాంక్రీటు వస్తుందని తెలుసు. అయినా ఏరుతూనే ఉంది. పక్కన రాళ్ల కుప్ప పెరుగుతూనే ఉంది.