అంతర్జాతీయ న్యాయసభకు దాదాపీరుతో

నెలాఖరులోగా దేశం విడిచి వెళ్లాలని దాదాపీరుకు నోటీసు వచ్చింది. అతను మా నల్లమాడలోనే పుట్టాడు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసి బతుకుతాడు. దేశం రెండు కాకముందు పని కోసం మేనమామ వెంట కరాచీ వెళ్లాడు. తిరిగి రావాలనుకునేసరికి మధ్యలో సరిహద్దు వచ్చి కూర్చుంది. ఏళ్ల తరబడి ఆగి, చివరికి ఆ దేశపు పాస్‌పోర్టు తీసుకుని భార్య ఖాసింబీ దగ్గరికి చేరాడు. ఇక్కడ ఉండడానికి గడువు రెండుసార్లు పెంచారు. మూడోసారి ఈ నోటీసు ఇచ్చారు.

నేను ఆ ఊరి బడిలో ఉపాధ్యాయుణ్ణి. ఊళ్లో అర్జీలు రాసిపెట్టేదీ నేనే. ఏటా ఎక్కడో పెద్ద నగరంలో జరిగే అంతర్జాతీయ న్యాయశాస్త్ర సదస్సు ఈసారి అనంతపురం కళాశాలలో జరుగుతుందని పత్రికలో చూశాను. నేటి సమస్యలను చర్చిస్తారని కూడా వేశారు. రెండు దేశాల మధ్య ఇరుక్కున్న మనిషి సంగతి అక్కడ కాకపోతే ఇంకెక్కడ తేలుతుంది అనిపించింది.

శుక్రవారం ఉదయం ఆరు గంటల బస్సులో కదిరికి బయలుదేరాం. ఆ ఏడు కూడా వానలు లేవు. దారి పొడవునా చేలు దున్నినవి దున్నినట్టే ఎండిపోయి ఉన్నాయి. కదిరిలో పోలీసుల దగ్గర చీటీ తీసుకోవాలి. అది లేకుండా దాదాపీరు తాలూకా దాటకూడదు. చీటీ చేతికి వచ్చేసరికి తొమ్మిదయింది. తొమ్మిదిన్నర పాసింజరు పరుగెత్తి అందుకున్నాం. ముదిగుబ్బ దాటాక ఖాసింబీ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, చెనక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి తిన్నాం. ధర్మవరంలో రెండు గంటలు కాచుకుని బండి మారాం. అనంతపురంలో దిగేసరికి మూడు దాటింది.

బసకు పోకముందే అక్కడి పోలీసులకు చీటీ చూపించాలి. స్టేషనులో రాతపని చూసే రైటరు రిజిస్టరు తెరిచి, పుట్టిన ఊరు నల్లమాడ అని రాశాడు. పక్క గడిలో దేశం పాకిస్తాన్ అని రాసి, కాసేపు ఆ రెండు గడులనూ చూస్తూ ఉండిపోయాడు.

“ఏమప్పా, ఇది ఎట్లయితాది?” అని దాదాపీరునే అడిగాడు.

“అది తెలుసుకోవల్లనే వచ్చినాము సార్” అన్నాడు దాదాపీరు.

మసీదు పక్కన ముసాఫిర్‌ఖానాలో ఇద్దరికీ చోటు దొరికింది. స్నానానికి మనిషికి ఒక్క బక్కెట్టు నీళ్లే ఇస్తామని ముందే చెప్పారు.

మరునాడు పది గంటలకు సభ మొదలైంది. వెనక బెంచీలో కూర్చున్నాం. అంతా ఇంగ్లీషు. నాకు సగం అర్థమైంది, ఆ సగమూ అనుమానమే. సముద్రంలో ఒక దేశం హద్దు ఎన్ని మైళ్ల దాకా అని ఒకాయన మాట్లాడాడు. ఆకాశంలో ఎంత ఎత్తు దాకా ఒక దేశానిది, ఆ పైన ఎవరిది అని ఇంకొకాయన అడిగాడు. ఏం చెబుతున్నారని దాదాపీరు గుసగుసగా అడిగాడు. ఇంకా మనుషుల దాకా రాలేదని చెప్పాను.

టీ విరామంలో ధైర్యం చేసి ఒక పెద్ద ప్రొఫెసరుగారికి నోటీసు చూపించాను. ఆయన ఓపికగా చదివి, పౌరసత్వం ఏ దేశానికి ఆ దేశపు సొంత చట్టం, మా శాస్త్రం పరిధిలోకి రాదు అన్నాడు. పక్కనున్నాయన ఒప్పుకోలేదు. రెండో దేశం పాస్‌పోర్టు ఉంది గనక ఇది ముమ్మాటికీ అంతర్జాతీయ విషయమేనన్నాడు. ఇద్దరూ వాదించుకుంటూ హాల్లోకి వెళ్లిపోయారు. నోటీసు కూడా వారి చేతిలోనే పోయింది. వెంటపడి తెచ్చుకున్నాను. వచ్చి చూస్తే దాదాపీరు లేడు.

వెదికితే సభవాళ్లకు భోజనాలు వండేచోట కనిపించాడు. వంటమనిషితో గట్టిగా మాట్లాడుతున్నాడు.

“ఈ గుండిగకు కళాయి పోయిండాది అన్నా. దీంట్లో పులుసు పోస్తే కిలుమెక్కుతాది. తిన్నోళ్లకు వాంతులయితాయి.”

వంటమనిషి మొదట విసుక్కున్నాడు. గుండిగలో వేలు పెట్టి చూసుకుని, పులుసును వేరే పాత్రలో పోశాడు. నీళ్ల కోసం వచ్చిన ఒక యువ లెక్చరరు ఇదంతా చూశాడు. మద్రాసులో న్యాయశాస్త్రం చెబుతాడట. మీరెవరని అడిగాడు. నేను మొత్తం చెప్పాను. ఆయన అక్కడే అరుగు మీద కూర్చుని నోటీసు రెండుసార్లు చదివాడు.

“ఆ పాస్‌పోర్టు ఎందుకు తీసుకున్నారు?” అని దాదాపీరును అడిగాడు.

“అది లేకుంటే రానీయమన్నారు. నాకు ఇంటికి పోవల్ల అంతే.”

“ఆ దేశస్థుణ్ణి అవుతానని అనుకున్నారా?”

“ఆడుండేటప్పుడు హిందుస్తానీ అనిరి. ఈడికొస్తే పాకిస్తానీ అంటాండారు. నేనేమనుకున్నానో ఎవురూ అడగలేదు సార్” అన్నాడు దాదాపీరు.

ఆ మాట ఉన్నదున్నట్టు అర్జీలో రాయమన్నాడు లెక్చరరు. పాస్‌పోర్టు ఇష్టపూర్వకంగా తీసుకున్నాడో లేదో ఢిల్లీ ప్రభుత్వమే విచారించి తేల్చాలని, అది తేలకముందు పంపకూడదని ఆయన వాదన. కాగితం మీద ఇంగ్లీషులో రాసి కూడా ఇచ్చాడు. నాకు ఊపిరి వచ్చింది. అంతలోనే, అన్ని కోర్టులూ ఇలాగే అనడం లేదు, నేను ఇలా నమ్ముతున్నాను, అంతే అన్నాడు. నమ్మకానికీ చట్టానికీ ఎంత దూరమో అడగాలనుకుని ఊరుకున్నాను.

ఆదివారం ఉదయం ఎనిమిది గంటల బండికి బయలుదేరాం. పెట్టెలో ఎదురుగా ఒక గొర్రెల కాపరి కూర్చున్నాడు. మేత లేక మందను అమ్మేసి వస్తున్నాడట. మేము సభ నుంచి వస్తున్నామని తెలిసి, అక్కడ ఏం తేల్చారని అడిగాడు. ఆకాశం ఏ ఎత్తు దాకా ఎవరిదో మాట్లాడుకున్నారని చెప్పాను.

“వాన పడని ఆకాశం ఎవురిదైతే ఏముందప్పా” అని తువ్వాలు మొహాన కప్పుకున్నాడు.

ధర్మవరంలో బండి కోసం కూర్చున్నప్పుడు అర్జీ రాశాను. కదిరిలో దిగగానే పోలీసులకు ఒక ప్రతి ఇచ్చాం, ఢిల్లీకి రిజిస్టరు పోస్టు మర్నాడు పంపాను. నెలాఖరు దాటింది, అతన్ని పంపించడానికి ఎవరూ రాలేదు. ఇది రాస్తున్న నాటికీ ఢిల్లీ నుంచి జవాబు లేదు. దాదాపీరు ఏ దేశస్థుడో తెలుసుకోవాలని పోయి, వెళ్లేటప్పటి కంటే ఎక్కువ అయోమయంతో తిరిగి వచ్చానని ఒప్పుకుంటున్నాను.

ఆ ఆదివారం సాయంత్రం ఆరున్నరకు నల్లమాడలో దిగాం. బస్సు ఆగేచోటికి ఖాసింబీ వచ్చి ఉంది. ఆమె నన్నే అడిగింది.

“ఏమన్నారు అయివారూ?”

“ఇంకా తేల్చలేదమ్మా. ఢిల్లీలో తేల్చాలంట.”

“తేల్చేదాక ఈడే ఉండొచ్చునా?”

ఉండొచ్చని ఒకాయన అన్నాడని చెప్పాను. ఎవరాయన, ఆయన మాట చెల్లుతుందా అని ఆమె అడగలేదు. మొగుడి చేతిలోని సంచి తీసుకుని, సంకటి చల్లారిపోతాండాది రమ్మని ముందు నడిచింది.