కురుమయ్య సారు బుగ్గలు

ఒక ప్రశ్న అడిగినందుకు ఒక మనిషిని సంఘంలోంచి వెలివేశారు. వనపర్తి ఉదయ నడక మిత్రమండలి 2007లో చేసిన ఆ తీర్మానం నకలు ఈనాటికీ భద్రంగా ఉంది. అందులో రాసిన కారణం అక్షరం పొల్లుపోకుండా ఇది: "సభ్యుల దీర్ఘాయుష్షు ఆకాంక్షకు సదరు వ్యక్తి పదేపదే భంగం కలిగిస్తున్నందున." దీర్ఘాయుష్షుకు భంగమట! హత్యాయత్నం కేసుల్లో కూడా ఇంత గంభీరమైన భాష కనిపించదు.

ఆ సదరు వ్యక్తి పేరు కురుమయ్య సారు. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయనకున్న జబ్బు ఒక్కటే. లోకంలో ఎవరు దేన్ని మంచిదన్నా సరే, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, "ఎలుకల మీద చూసిన్రా, మనుషుల మీద చూసిన్రా?" అని అడుగుతాడు. అడగకుండా ఉండలేడు. మంగలి కొత్త రంగు తెచ్చానంటే అడిగాడు. కిరాణా కొట్టువాడు గుండెకు మంచి నూనె వచ్చిందంటే అడిగాడు. దగ్గరి చుట్టాలు పెళ్ళి సంబంధం చూసి వచ్చి, "పిల్లగాడు బంగారం సారూ" అన్నప్పుడు కూడా నోరు తెరవబోతే, భార్య సావిత్రమ్మ కాలు తొక్కి ఆపింది.

ఆ సావిత్రమ్మ కూడా ఆయనతో కాపురం చేసి చేసి రాటుదేలింది. ఒకనాడు కొర్రలతో కొత్తరకం ఉప్మా చేసి పెడితే సారు గరిటె వంక అనుమానంగా చూశాడు.

"అడగకుండ్రి," అంది ఆమె. "వంటింట్ల ఎలుక తిన్నది. ఇంకా ఉరుకుతనే ఉంది. మీరు తినొచ్చు."

సారు ఇంటికి పక్కిల్లు హుసేన్‌బీది. బజారులో ఆమెకు గాజుల దుకాణం. రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. కొడుకులు ముగ్గురూ సారు దగ్గరే చదువుకున్నారు కాబట్టి ఆయనంటే ఆమెకు గౌరవం. రోజూ ఆ గోడ మీదుగా ఆయన ప్రశ్నలు వింటుంది కాబట్టి ఆమెకు తలనొప్పి కూడా. మోకాళ్ళ నొప్పి మాత్రం సొంతంగా ఉండేది.

చిరయౌవన్ మాత్రలు వనపర్తికి వచ్చిన రోజున హుసేన్‌బీ కూడా ఆ ఫంక్షన్ హాల్లో ముందు వరసలోనే కూర్చుంది. మే నెల ఎండలో మెడకు టై బిగించుకొని, గద్వాల నుంచి వచ్చిన విజయ్ అనే యువకుడు మైకు పట్టుకున్నాడు. ముసలితనం ఒక జబ్బేనట, దానికి మందు దొరికిందట. మిత్రమండలి అధ్యక్షుడు పెద్దన్న వేదిక మీద పూలదండతో కూర్చొని, అప్పుడే పదేళ్ళు తగ్గినట్టు చిరునవ్వు నవ్వుతున్నాడు.

"విదేశీ సైంటిస్టులే నిరూపించిన్రు!" అన్నాడు విజయ్. "ద్రాక్ష తొక్కల ఉండే పదార్థంతోని ఆయుష్షు పెరిగింది. అదే మన గోలీల ఉన్నది! డబ్బా మీద సర్కారు అనుమతి ముద్ర కూడ ఉన్నది!"

వెనక వరసలో కళ్ళద్దాలు జారాయి. "ఎవరి ఆయుష్షు నాయనా? ఎలుకలదా, మనుషులదా?"

"ఎలుకలదే అనుకోండి సార్. ముందు ఎలుకల మీదనే కదా..."

"ఎసొంటి ఎలుకలు?"

"ఎలుకలల్ల ఎసొంటివేంది సార్?"

"కొవ్వు మేపి మేపి బలిపించిన ఎలుకలు. నేను చదివిన, పేపరు కత్తిరించి దాచిన. గోలీ తిన్న బలిసిన ఎలుక, గోలీ తినని బలిసిన ఎలుకకన్న కొన్ని దినాలు ఎక్కువ బతికింది. అంతే. గిప్పుడు మన పెద్దన్న ఉన్నడు. ఆయన బలిసిన ఎలుకనా? చెప్పు."

సభలోని కళ్ళన్నీ పెద్దన్న పొట్ట మీదికి మళ్ళాయి. పూలదండ అక్కడే ఒక మెట్టు ఎక్కి దిగినట్టుగా పడి ఉంది. ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దన్న ముఖం కందిపోయింది.

సారు అక్కడితో ఆగితే సారెందుకవుతాడు? "ఫిన్లాండ్ అని ఒక దేశముంది. ఆడ సిగరెట్లు తాగేటోళ్లకు క్యాన్సర్ రావద్దని, క్యారెట్ల ఉండే సత్తువను గోలీ చేసి ఏండ్ల తరబడి ఇచ్చిన్రు. మనుషులకే ఇచ్చిన్రు, వేల మందికి. ఏమైందో ఎరికేనా? గోలీ మింగినోళ్లకే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువొచ్చింది! క్యారెట్ మంచిదే. దాని సత్తువ గోలీల పడితే కూడా మంచిదేనని ఎవరు చూసిన్రు?"

మరునాడే నడక మైదానంలో తీర్మానం చదివారు. పెద్దన్న సంతకం. విజ్ఞానం పేరు చెప్పుకొని పొద్దున్నే చేతులూపుతూ నడిచే పెద్దమనుషులు, ఒక్కరంటే ఒక్కరు, ఇదేం అన్యాయమని అడగలేదు.

హుసేన్‌బీ మాత్రం డబ్బా కొన్నది. కొన్ని రోజులకే ఆమె గోడ దగ్గరికి దాదాపు పరుగెత్తుకొచ్చింది.

"సారూ! జర ఇటు చూడుండ్రి. నా మోకాళ్ల నొప్పి పోయింది."

"మంచిదే చెల్లె. కానీ..."

"ఆగుండ్రి. ఇయ్యాల నేనడుగుత. నేను ఎలుకనా, మనిషినా?"

సారు నోరు తెరిచాడు. ప్రశ్న అడగడమే తప్ప దానికి జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "ఒక్క మనిషి మీద చూస్తే చాలదు చెల్లె," అన్నాడు చివరికి, నీరసంగా.

"అయితే మీరు కూడ మింగుండ్రి. ఇద్దరమైతం. మింగేదాక నాతోని మాట్లాడకుండ్రి."

సావిత్రమ్మ అది విని నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

అప్పుడు ఊరు నిర్ఘాంతపోయే పని జరిగింది. కురుమయ్య సారు బజారు నడిబొడ్డున, విజయ్ మాత్రలు అమ్మే బల్ల ముందు నిలబడి, అందరూ చూస్తుండగా చిరయౌవన్ డబ్బా కొన్నాడు. హోటల్లో టీ గ్లాసులు గాలిలోనే ఆగిపోయాయి. మధ్యాహ్నానికి ఆ వార్త బీచుపల్లి దాటి గద్వాల చేరింది. "ముసలాయనకు మళ్ల వయసు మీద మనసైంది" అని పెద్దన్న ఎదురైనవాడికల్లా చెప్పాడు.

సారు లెక్క ఒక్కటే. అందులో ఉండేది ఏ శనగపిండో అయి ఉంటుంది, ఏమీ కాదు, ఏమీ కాలేదని హుసేన్‌బీకి చూపిస్తే చాలు. కానీ వారం తిరగకముందే ఒక ఘోరం జరిగింది. ఆయన పొద్దున లేచి, గోడ పట్టుకోకుండానే మెట్లు దిగాడు. దిగినవాడు అక్కడే కొయ్యబారిపోయాడు.

"సావిత్రీ! పని చేస్తున్నదే!"

"పని చేస్తే సంబురపడాలె గానీ, గట్ల పాము కరిచినోని తీరు అరుస్తరేంది?"

"మూలికలు గింత జల్ది పని చెయ్యవే! దీంట్ల ఇంకేదో ఉన్నది!"

మందు పని చేయలేదని కోప్పడేవాళ్ళను లోకం చూసింది. పని చేసిందని గుండెలు బాదుకున్నవాడు ఆయనొక్కడే. ఆ పూటే డబ్బా పట్టుకొని జయశ్రీ డాక్టరమ్మ దగ్గరికి పోయాడు.

ఆ తరవాతి వారాల్లో సారు ఆకలి చూసినవారికి మతి పోయింది. జొన్న రొట్టెలు సావిత్రమ్మ చేతిలోంచి పెనం మీదికి, పెనం మీంచి సారు నోట్లోకి నేరుగా పోయేవి. బుగ్గలు నిండాయి. నిండి, గుండ్రమై, కళ్ళద్దాలను కిందినుంచి పైకి నెట్టాయి. ఇక ముక్కు మీదికి జార్చుదామన్నా జారేవి కావు. బజారులో పిల్లలు ఆయన వెనకాల బుగ్గలు పూరించి నడిచేవారు. విజయ్ అయితే పరవశించి, ఆయన ఫోటో తీసి తన బల్ల మీద పెట్టుకున్నాడు. "నాడు వద్దన్నోడే నేడు మింగుతుండు" అని దాని కింద రాయించాడు. సారు ఆ ఫోటో పక్కనే నిలబడి, "ఇంకో డబ్బా ఇయ్యి నాయనా" అన్నాడు. సిగ్గన్నది లేదు.

హుసేన్‌బీ బుగ్గలూ నిండాయి. ఆమె చెప్పగా కొన్న ఆడవాళ్ళ బుగ్గలూ నిండాయి. దుకాణానికి వచ్చే ప్రతివారికీ ఆమె ఆ మాత్రల గురించి చెప్పింది. ఆమె మాట మీద కొన్నవారే ఎక్కువ. మొదట్లో అదంతా గర్వంగానే ఉండేది. తరవాత ఒకనాడు, ఇటిక్యాల నుంచి వచ్చిన జములమ్మకు గాజులు తొడుగుతుండగా, ఎప్పటిలాగే వేళ్ళు మడిచి మెత్తగా నొక్కిందంతే, చేతి మీది చర్మం నీలంగా కమిలిపోయింది. హుసేన్‌బీ బిత్తరపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె చేతిలో ఎవరికీ అలా కాలేదు.

"ఏం కాదక్కా," అంది జములమ్మ. "ఈ నడుమ ముట్టుకుంటే కములుతుంది. వయసు తగ్గి తోలు లేతబడ్డదేమో! నేనైతే షుగరు గోలీలు కూడ పారేసిన. ఇది ఉండంగ అవెందుకు?"

"పారేసినవా?" హుసేన్‌బీ చేతిలోని గాజు కింద పడి పగిలింది.

ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. తన చేతి మీద కూడా రెండు నీలి మచ్చలున్నాయి. ఎవరికి చెప్పాలి? చెబితే, "నీ మాట నమ్మే కదనే మింగినం" అని ఊరంతా దుకాణం ముందు నిలబడదా? గోడ దాకా పోయింది. అవతల సారు రొట్టెలు నములుతున్న చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చేసింది.

చిరయౌవన్ వారి విజయోత్సవ సభకు సారును ప్రత్యేకంగా పిలిచారు. వెలివేసిన పెద్దన్నే పూలదండ వేశాడు. ఆ దండ బుగ్గలు దాటి మెడ మీదికి దిగడానికి కొంచెం శ్రమ పడింది. విజయ్ మైకు అందించి, "చెప్పండి సార్, మీ అనుభవం!" అన్నాడు.

"అందరు చూసిన్రా?" అన్నాడు సారు. రెండు వేళ్ళతో తన బుగ్గ పట్టి సాగదీశాడు. హాలంతా గొల్లుమంది. "నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి. ఇది వయసు కాదు, వాపు. ఈ గోలీల మూలిక లేదు, ద్రాక్ష తొక్క లేదు. స్టెరాయిడ్ ఉన్నది. డాక్టరమ్మ హైదరాబాద్ పంపి పరీక్ష చేయించింది. నొప్పి పోతది, ఆకలైతది, మొఖం నిండుతది, తోలు కములుతది, షుగరు పెరుగుతది. సైన్సు చదివిన, పిల్లలకు చెప్పిన, అయినా నేనే అందరికన్న పెద్ద పిచ్చోన్నయిన. రేపు పొద్దుగాల దవాఖానకు పోతున్న. ఒక్కన్ని పోవాలంటే సిగ్గయితుంది. నాతోని ఎవరన్న వస్తరా?"

విజయ్ మైకు లాక్కోబోయాడు. సారు ఇవ్వలేదు. "ఒక్క మాట. ఇంట్ల గుట్టుగ, ఒక్కసారే ఆపితే పాణం మీదికొస్తది. డాక్టరమ్మ చెప్పినట్టు మెల్లమెల్లగ తగ్గించాలె. గందుకే రమ్మంటున్న."

మరునాడు దవాఖాన ముందు వరస చూసి కాంపౌండరు కళ్ళు నులుముకున్నాడు. గుండ్రని ముఖాలు ఒకదాని వెనక ఒకటి, బొమ్మల కొలువులా. వరస ముందు సారు నిలబడి, వచ్చేవారికల్లా బుగ్గలు చూపించి నవ్విస్తున్నాడు. ఆయనను చూసి నవ్వినవారు, ఆ నవ్వుతోనే వరసలో చేరుతున్నారు. జములమ్మ వచ్చింది. తల మీద కండువా కప్పుకొని పెద్దన్న కూడా వచ్చాడు. దవాఖాన గోడ చాటున నిలబడి ఉన్న హుసేన్‌బీ చివరికి కొంగు సరిచేసుకొని నడిచింది. ఆమెను ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. అంత తీరిక వారికెక్కడిది? అందరూ సారును ఎగతాళి చేయడంలో మునిగి ఉన్నారు.

లోపల డాక్టరమ్మ ఆమె చేయి చూస్తూ మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, మీ పక్కింటి సారుకు జర బుద్ధి చెప్పరాదా?"

"ఆయనకా? నాతోని కాదు తల్లీ. ఏం జేసిండు?"

"వారం రోజులు మింగి నా దగ్గరికొచ్చిండు. అప్పుడే ఆపమన్న, ఆపితే ఏమీ కాకపోయేది. పరీక్ష జవాబొచ్చినంక ఊర్ల దండోరా వేయిద్దామన్న. 'వేస్తే అందరు ఇండ్లల్లనే ఆపేస్తరు, సిగ్గుకు దవాఖానకు రారు, ఆ గాజులామె బయట మొఖం చూపియ్యదు' అన్నడు. ఆపకుండ మింగిండు, బుగ్గలొచ్చేదాక. ఎంత తిట్టిన్నో! 'నవ్వేటోళ్లకు ఒక మొఖం కావాలె డాక్టరమ్మా, నాదుంది కదా' అంటడు."

హుసేన్‌బీ మందుల చీటీ అందుకొని లేచింది. బయటికి వచ్చింది. సారు బెంచీ మీద కూర్చొని, బుగ్గల మీంచి కళ్ళద్దాలను కిందికి జార్చడానికి విఫలయత్నం చేస్తున్నాడు.

"సారూ," అంది. "మీరు ఎలుకనా, మనిషా?"

సారు కళ్ళద్దాలను వదిలేశాడు. "ఇప్పటికైతే ఎలుకనే చెల్లె. బలిసిన ఎలుకను."

సారు బుగ్గలు తగ్గడానికి దసరా దాటింది. హుసేన్‌బీ మోకాళ్ళ నొప్పి తిరిగి వచ్చింది. దానికి డాక్టరమ్మ రాసిచ్చిన గోలీని ఆమె ముందు గోడ మీద పెట్టి, అవతలి ప్రశ్నకు జవాబు చెప్పాకే మింగుతుంది. అంతా సర్దుకుంది, ఆ తీర్మానం తప్ప.

కాబట్టి, మిత్రమండలి అధ్యక్షులు పెద్దన్న గారూ, కండువా తీసి, ఆ తీర్మానాన్ని ఎక్కడ చదివారో ఆ మైదానంలోనే, అందరి ముందూ రద్దు చేయండి. ఆ డబ్బాలకు అనుమతి ముద్ర వేసిన అధికారులారా, ఏం చూసి వేశారో బహిరంగంగా చెప్పండి. చిరయౌవన్ యజమానులారా, మీరు రేపు ఇంకో పేరుతో, ఇంకో టైతో మళ్ళీ వస్తారని తెలుసు. రండి. కానీ డబ్బా మూత తీయకముందే, వెనక వరసలో కళ్ళద్దాలు జార్చిన పెద్దాయనకు జవాబు చెప్పండి: ఎలుకల మీద చూశారా, మనుషుల మీద చూశారా? మనుషుల మీదే అంటే, ముందు మీ బుగ్గలు చూపించండి.